అమ్మ తొలిక, చిన్నమ్మ చెయ్యి

మొన్న మా మనవరాలు వస్తూ వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చింది. మిద్దె మీద కూరగాయలు వేసిందట. వంగ, టమాటా, ఇంత కొత్తిమీర. మొక్కల కంటే కలుపే బాగా పెరుగుతోందని ఫోనులో చూసి కలుపు తీసే సామాను తెప్పించింది. పెట్టె విప్పి అన్నీ నా మంచం మీద పరిచింది. ఒకటి ముళ్ళచెంచాలా ఉంది, ఒకటి పిల్లలాడుకునే పారలా ఉంది, ఇంకొకటి దేనికో నాకైతే అర్థం కాలేదు. పిడులకు పచ్చరంగు రబ్బరు. "అవ్వా, వీటిలో మంచివేవో చెప్పు, మిగతావి వెనక్కి పంపిస్తాను. నువ్వు చిన్నప్పుడు తోటలో పనిచేశావు కదా" అంది. చేశాను తల్లీ, చెయ్యకపోతే మా నాయనమ్మ సంగటి పెట్టేదా! కానీ చేతిలోకి తీసుకోకుండా, మడిలో కూర్చోకుండా ఏది మంచిదో ఎట్లా చెప్పేది? ఎవరు వాడతారో, ఆ మనిషి చెయ్యి ఎట్లాంటిదో చూసి చెప్పాలి అన్నాను. అదేమిటి అంది. అదేమిటో చెప్పాలంటే మా చిన్నమ్మ సంగతంతా చెప్పాలి. నేను గొంతు సవరించుకునే లోపల దానికి ఫోను వచ్చింది, లేచి పోయింది. ఈ కాలం పిల్లలకు కూర్చుని వినే ఓపిక ఎక్కడిది? అందుకని కాగితాలకు చెబుతున్నాను, ఇవైతే లేచి పోవు.

మాది బేస్తవారిపేటకు బండిదారిలో ఉన్న చిన్న పల్లె. అప్పటికి మేము కర్నూలు జిల్లా వాళ్ళం, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్ళం. మెట్టచేలలో జొన్న, సజ్జ, ఆముదాలు వాన దయ మీద పండేవి. ఏ కాలమైనా పచ్చగా కనిపించేది కపిల బావి కింద ఉన్న మా తోట ఒక్కటే. ఎద్దులు దిగువకు నడిస్తే బావిలోంచి తోలుసంచి నిండా నీళ్ళు పైకి వచ్చి కాలువలో పడేవి. తడిసిన తోలు వాసన, ఎర్రనేల వాసన, ఉల్లిమడి మీదుగా వచ్చే ఘాటు, ఈ మూడూ కలిసి మా తోటకొక వాసన ఉండేది. ఉల్లిని మేము ఎర్రగడ్డ అంటాం. మా ఎర్రగడ్డలు బండెక్కి గిద్దలూరు దాకా పోయేవి. సంవత్సరం పొడుగునా ఉప్పుకూ బట్టకూ ఆ మడే ఆధారం. అందుకే మా నాయన తల్లి, మా జేజి, మనవరాలినైన నన్నైనా అరవకుండా వదిలేదేమో గానీ ఆ మడిలో అడ్డంగా నడిచిన కోడిని కూడా వదిలేది కాదు.

కలుపు తీయడానికి మా ఇంట్లో రకరకాల పనిముట్లు ఉండేవి. నిలబడి గీకడానికి పొడుగు కర్ర ఉన్న దోకుడుపార. అది వంగలో, మిరపలో, సాళ్ళ మధ్య జాగా ఉన్నచోట పనికొచ్చేది. గట్ల మీద గడ్డికి కొడవలి. ఉల్లిమడిలోకి మాత్రం ఆ రెండూ పనికిరావు. ఉల్లిమొక్కలు ఒత్తుగా ఉంటాయి. గొంతుక్కూర్చుని, మొక్కకూ మొక్కకూ మధ్య ఉన్న ఇరుకు సందులోంచి తుంగను గడ్డతో సహా పెకలించాలి. దానికి తొలిక కావాలి. అది జానెడు చెక్కపిడికి బిగించిన చిన్న ఇనుపరేకు. రేకు నేరుగా ఉండదు, ఒక పక్కకు వంచి ఉంటుంది. ఆ వంపు వల్లనే మొక్కకు తగలకుండా దాని పక్కనున్న కలుపును లాక్కొస్తుంది. ఇంట్లో ఏ ఆడమనిషి తొలిక ఆ మనిషిదే. కొత్తకోడలు ఇంటికి రాగానే కమ్మరి దగ్గర ఆమె పేరున ఒకటి చేయించేవాళ్ళు. చీరైనా అరువిస్తారు గానీ తొలిక ఇవ్వరు. పొద్దుగూకే వేళ జేజి అరుగు మీద కూర్చుని, అన్ని తొలికలనూ గుడ్డతో తుడిచి, ఆముదం పూసి, వసారా చూరులో వరసగా గుచ్చేది. ఆ పని ఇంకొకరిని చెయ్యనిచ్చేది కాదు.

మా అమ్మ చలిజ్వరంతో పోయింది. నల్లమల పక్కన ఉన్న మా ఊళ్ళకు ఆ జ్వరం చుట్టం లాగా ఏటా వచ్చి పోతుండేది. నాకప్పటికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అమ్మ చీరలు ఎవరెవరికో ఇచ్చేశారు, తొలిక మాత్రం చూరులోనే ఉంది. జేజి సాయంత్రం మిగతావాటితో పాటు దానికీ ఆముదం పూసేది, పూసి కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అత్తాకోడళ్ళు పోట్లాడుకోని ఇల్లు మా ఊళ్ళో మా ఇల్లొక్కటే అని చెప్పుకునేవాళ్ళు. జేజి ఏడవడం నేను చూడలేదు. ఆ ఆముదం పూయడమే చూశాను.

ఏడాది తిరిగాక నాయనకు మళ్ళీ పెళ్ళి చేశారు. పిల్లది చంద్రశేఖరపురం అవతల ఒక మెట్ట పల్లె. సన్నగా, నల్లగా, నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మనిషి. మా ఇళ్ళలో మారుమనువుగా వచ్చిన కోడలు పోయిన పెద్దామె పేరున ఒక చిన్న వెండిబిళ్ళ మెడలో వేసుకోవాలి. ఆ బిళ్ళను ఆమె నడుస్తున్నప్పుడు కూడా చేత్తో పట్టుకునే ఉండేది. చిన్నమ్మా అని పిలువు అన్నారు నన్ను. నేను పిలవదలచుకోలేదు. అసలు మాట్లాడకూడదనే పంతం పట్టాను. ఆమె నా పంతం జోలికి రాలేదు. మధ్యాహ్నం పూట నా వెనక కూర్చుని తల విప్పి, పేలు చూసి, చిక్కు తీసి జడ వేసేది. అమ్మ పోయాక నా తలను అంత నెమ్మదిగా ముట్టుకున్న మనిషి లేదు. బెల్లం ముక్క దొరికితే తన కొంగున కట్టుకుని నా కోసం దాచేది. ఇంకేం పంతం! నాలుగు రోజులు తిరక్కముందే చిన్నమ్మా చిన్నమ్మా అని ఆమె వెంట తోకలాగా తిరిగాను. రాత్రి ఆమె పక్కనే పడుకునేదాన్ని.

ఉల్లి మొదటి కలుపుకు వచ్చింది. జేజి చూరులోంచి అమ్మ తొలిక తీసి, పసుపు రాసి బొట్టు పెట్టి, చిన్నమ్మ చేతిలో పెట్టింది. "ఇది పెద్దదాని చేతిది. ఇంక నీ చేతిది. భద్రంగా చూసుకో" అంది. అంత గొప్ప మర్యాద ఇంకొకటి లేదని నాకు కూడా తెలుసు. చిన్నమ్మ దాన్ని కళ్ళకద్దుకుని మడిలో కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆమె వెనక తుంగ నిలబడే ఉంది, ఉల్లిమొక్కలు తెగి పడి ఉన్నాయి. జేజి చూసి, కొత్త కదా అని ఊరుకుంది. మర్నాడు కూడా అంతే. ఆ పైన చిన్నమ్మ వేలు తెగి రక్తం కారింది. పనిలోకి వచ్చే పక్కింటి సుబ్బమ్మత్త ఆ రక్తం చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "వదినా, నేనంటే బాగుండదు గానీ, పెద్దామె ఒప్పుకోలేదు. తన తొలిక ముట్టుకోనీకుండా ఉండాది" అంది.

ఆ మాట ఎవరైనా పట్టించుకోకుండా ఉంటే బాగుండేది. మా ఊళ్ళో అట్లాంటి మాట ఎవరు పట్టించుకోరు? జొన్నరొట్టె విరిగినా పెద్దామె ఒప్పుకోలేదనేవాళ్ళు, బిందె జారినా పెద్దామె ఒప్పుకోలేదనేవాళ్ళు. జేజి అమ్మ పేరున కొత్త చీర పెట్టి, అన్నం పెట్టి, దండం పెట్టుకుంది. "అమ్మా, నీ బిడ్డను బాగా చూసుకుంటుండాదే. ఒప్పుకో తల్లీ" అని బతిమాలింది. ఆ మర్నాడు ఇంకో నాలుగు మొక్కలు తెగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరూ లేనప్పుడు చూరు కింద నిలబడి మా అమ్మను నేనే తిట్టాను. "నువ్వు పోయినావు గదా. ఈమెను ఉండనియ్యి. నీకేం పోతాది?" అన్నాను. అని, అమ్మను అట్లా అన్నందుకు వెంటనే ఏడుపొచ్చింది. నాకు ఇద్దరూ కావాలి. ఒకరి వల్ల ఇంకొకరు పోతారంటే నేనేం చెయ్యాలి?

ఒకరోజు అందరూ చెట్టు నీడన సంగటి తింటున్నారు. చిన్నమ్మ కనిపించలేదు. వెతుక్కుంటూ మడి చివరకు పోయాను. ఆమె మా వైపు వీపు తిప్పి కూర్చుని ఉంది. అమ్మ తొలిక గట్టు మీద ఉంది. ఆమె చేతిలో ఉన్నది పగిలిన కుండపెంకు. దాంతో సందుసందులోంచి తుంగను గీకి తీసేస్తోంది. ఎంత వేగం! ఒక్క ఉల్లి ఆకు కూడా కదలడం లేదు. వెనక మడి తుడిచినట్లు శుభ్రంగా ఉంది. దగ్గరకు పోయాక చూశాను, పెంకు ఎడమచేతిలో ఉంది. నన్ను చూసి ఆమె పెంకు పారేసి, ఆ చెయ్యి కొంగులో దాచుకుంది.

"చెప్పొద్దు బంగారూ, నీకు దండం పెడతా" అంది. "చిన్నప్పుడు మా అమ్మ ఈ చేతికి గుడ్డ కట్టి పెట్టేది. వాతలు కూడా పెట్టింది. ఎడమచేతి పిల్లని ఎవరు చేసుకుంటారు? తెలిస్తే మీ జేజి నన్ను గడపలో అడుగు పెట్టనియ్యదు." ఆ మాట నిజమే. జేజి ఎడమచేత్తో ఇచ్చిన మజ్జిగ కూడా తీసుకునేది కాదు. సంతలో ఎవరన్నా ఎడమచేత్తో చిల్లర ఇస్తే మళ్ళీ కుడిచేత్తో ఇప్పించుకునేదాకా కదిలేది కాదు. నేను చెప్పనని ఒట్టు పెట్టాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం జేజి అరుగు మీద తొలికలు ముందు పెట్టుకుని, ఎద్దులకు మేత వేస్తున్న నాయనను పిలిచింది. "అబ్బయ్యా, రేపు పొద్దున్నే బండి కట్టు" అంది. ఎక్కడికి అన్నాడు నాయన. "అమ్మాయిని వాళ్ళమ్మ కాడ దిగబెట్టొద్దాం. పిల్ల మంచిదే, నేను కాదన్లే. కానీ పెద్దదానికి ఇష్టం లేని మనిషిని ఇంట్లో పెట్టుకుంటే, రేపు ఈ పసిదానికేమన్నా అయితే ఏం చేస్తావు?" అని నా వైపు చూపించింది. నాయన మళ్ళీ ఎద్దుల వైపు తిరిగి మేత వేశాడు. ఆయనకు తల్లి మాటకు ఎదురు చెప్పడం రాదు. గుమ్మం లోపల చిన్నమ్మ అంతా వింటోంది.

నేను లేచి నిలబడి అరిచాను. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలియదు. "మా అమ్మ మంచిదే! మీరంతా మా అమ్మనెందుకు అట్లంటారు? మా అమ్మ ఎవుర్నీ ఏం చెయ్యలే. చిన్నమ్మది ఎడమచెయ్యి. అంతే!"

జేజి గుమ్మం వైపు తిరిగి, "ఏమ్మే, నిజమేనా?" అంది. చిన్నమ్మ తల ఎత్తలేదు. "నిజమే అత్తా" అంది. జేజి తన ముందున్న తొలికల్లోంచి అమ్మది తీసుకుని రెండు చేతులా పట్టుకుంది. "ఎంత మాటలంటినే నిన్ను" అంది దానితో. "చీమను తొక్కని పిల్లని. నీకు అసూయని, నువ్వు దయ్యమై కూర్చున్నావని ఊరంతా చెప్పుకుంటుంటే నేను కూడా తల ఊపితినే. నా నోరు పడిపోను!" అప్పుడు ఏడ్చింది మా జేజి. కోడలు పోయినప్పుడు దాచుకున్నది కూడా అందులో కలిపి ఏడ్చింది. నేను పోయి ఆమె ఒళ్ళో పడ్డాను. కాసేపటికి ముక్కు చీదుకుని, నాయనతో, "బండి మాత్రం కట్టు" అంది.

జేజికి పెత్తనం తెలుసు గానీ నాలుగు మెత్తని మాటలు చెప్పడం ఎప్పుడూ చేతకాలేదు. పొద్దున్నే చిన్నమ్మ తన చీరలు మూట కట్టుకుని బండి ఎక్కింది. జేజి ఎక్కింది. నేనూ ఎక్కాను, దించితే దిగనని బండి గెడకర్రను కావలించుకున్నాను. దారి చీలేచోట దక్షిణానికి తిరిగితే చంద్రశేఖరపురం, రెండోపక్కకు పోతే బేస్తవారిపేట. నాయన ఎద్దులను బేస్తవారిపేట వైపు మళ్ళించాడు. చిన్నమ్మ అయోమయంగా చూసింది. జేజి అప్పుడే చూసినట్లు, "ఆ మూట ఎందుకు తెచ్చినావు?" అంది. "పుట్టింటికి గదా అత్తా" అంది చిన్నమ్మ. "పుట్టింట్లో నీకేం పని, ఎర్రగడ్డ మడి ఈడుంటే? కమ్మరోని కాడికి పోతుండాం" అంది జేజి. నాయన అటు తిరిగి ఎద్దులను అదిలించాడు, ఆయన భుజాలు మాత్రం నవ్వుతున్నాయి.

కమ్మరి ఆచారి జేజిని అక్కా అని పిలిచేవాడు. తన దగ్గరున్న తొలికలన్నీ గోనెపట్టా మీద పరిచాడు. చిన్నమ్మ ఒక్కొక్కటే ఎడమచేత్తో పట్టుకుని చూసింది. జనం ముందు ఆ చెయ్యి వాడటం ఆమెకు అదే మొదలు. అన్నీ కుడిచేతికి వంచినవే, ఏది పట్టుకున్నా వంపు తప్పు పక్కకే ఉంది. "కొత్తది చేద్దామంటే ఇనుము యాడిదక్కా?" అన్నాడు ఆచారి. అది రెండో యుద్ధం కాలం. గుప్పెడు మేకులు దొరకడం కూడా గగనంగా ఉండేది. "ఉన్నదాన్ని కాల్చి అటు వంచితే వంచాల" అని ఆచారే అన్నాడు. జేజి నడుముకు దోపుకున్న అమ్మ తొలిక తీసి ఇచ్చింది. ఆచారి దాన్ని వేలితో తడిమి గుర్తుపట్టాడు. అమ్మ పెళ్ళయిన కొత్తలో చేసింది ఆయనే. "బాగా అరిగిపోయింది. ఒకసారి వంచితే మళ్ళా వెనక్కి వంచేది కుదర్దు, విరుగుతాది. ఆలోచించుకో అక్కా" అన్నాడు.

జేజి నన్ను దగ్గరకు పిలిచింది. "ఇది మీ అమ్మది. మీ అమ్మ చేతికి చేసింది. నువ్వు వద్దంటే ఇంటికి తీసకపోయి చూరులో పెడతా. చెప్పు" అంది. చిన్నమ్మ గాభరాగా, "వద్దత్తా, పెంకుతో తీస్తా నేను, పిల్లని అడగొద్దు" అంది. నేను తొలిక వైపు చూశాను. పిడి మీద అమ్మ బొటనవేలు ఆనేచోట చిన్న గుంట పడి ఉంది. నా బొటనవేలు అందులో పెట్టి చూశాను, నాకు పెద్దదైంది. "అమ్మ ఇంక కలుపు తియ్యదు గదా జేజీ" అన్నాను.

కొలిమితిత్తి బుస్సుమంది. రేకు ఎర్రబడి, పచ్చబడి, అమ్మది కాకుండా పోయింది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా నా గుండెలో పడ్డట్లే ఉంది. ఔనన్నది నేనే, అయినా ఏడుపు ఆగలేదు. చిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏ చేత్తో పట్టుకుందో ఎవరూ చూడలేదు. నీళ్ళలో ముంచి చల్లార్చాక, ఆచారి కొట్టం ముందున్న గరికలో కూర్చుని చూసుకొమ్మన్నాడు. చిన్నమ్మ కూర్చుని జేజి వైపు చూసింది. "నా మొగం చూస్తావేందే? గడ్డి మొగం చూడు" అంది జేజి. అంతే, చిన్నమ్మ చెయ్యి ఆడింది. గరిక వేళ్ళతో సహా లేచి ఆమె పక్కన కుప్ప పడింది. ఆచారి మెచ్చుకోలుగా ఏదో అనబోతే జేజి అడ్డం వచ్చింది. "ఇదో, విను అమ్మే. తోటలో నీ ఇష్టం. అన్నం కాడ మాత్రం కుడిచెయ్యే. ఆ పైన నన్నడగొద్దు" అంది. చిన్నమ్మ తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది.

సుబ్బమ్మత్త ఊరుకుంటుందా? మడిలో చిన్నమ్మను చూసి, "ఎడమచేతి కలుపా వదినా, పంటకు అరిష్టం కాదా?" అంది. "ఎర్రగడ్డ అడిగిందా నిన్ను? నీ మడిలో తుంగ చూసుకోపో, మోకాలెత్తు పెరిగింది" అంది జేజి. ఆ ఏడు పంట బాగానే వచ్చింది. రాకపోయినా జేజి బాగా వచ్చిందనే చెప్పేదని నా అనుమానం.

జేజి చివరిరోజుల్లో మంచం పట్టింది. నాకప్పటికి పెళ్ళయింది, చూడటానికి పోయాను. చిన్నమ్మ పక్కన కూర్చుని కుడిచేత్తో గంజి తాగిస్తోంది. చెంచా వణికి గంజి మెడ మీద ఒలికింది. తుడిచింది, మళ్ళీ ఒలికింది. జేజి కళ్ళు తెరిచి విసుక్కుంది. "ఏందే ఇది, నీకు వచ్చిన చేత్తో పొయ్యి. నాకు ఆకలవుతుండాది" అంది. చిన్నమ్మ నా వైపు చూసి, చెంచా ఎడమచేతిలోకి మార్చుకుంది. జేజి గంజి అంతా తాగింది. ఒక్క చుక్క ఒలకలేదు.

ఇప్పుడు మా మునిమనవడు ఎడమచేత్తోనే రాస్తాడు, ఎడమచేత్తోనే తింటాడు. వాడినెవరూ ఏమీ అనరు, ముద్దు కూడా చేస్తారు. చూసినప్పుడల్లా నాకు సంతోషం వేస్తుంది, చిన్నప్పుడు ఆ చేతికి గుడ్డ కట్టించుకున్న ఒక పిల్ల కూడా గుర్తొస్తుంది. ఆ తొలికను మా చిన్నమ్మ రేకు గోరంత అయ్యేదాకా వాడింది. కొత్తవి కొనిస్తామన్నా వద్దంది. నాకు ఇద్దరు తమ్ముళ్ళను కని ఇచ్చింది, నాయనను సాగనంపింది, నా పిల్లలకు తలలు దువ్వింది. పుట్టింటికి మూట కట్టుకుని బండెక్కిన మనిషి, మా ఇంట్లోనే ముసలిదయింది.